ఇంటి దస్త్రం ఇంట్లోనే



2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఈ రెండు తేదీలూ మన విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకి ఎవరూ గుర్తు చెయ్యక్కర్లేదు. కరెంటు స్తంభాలు పడిపోయాయి. సెల్ టవర్లు మూగబోయాయి. ఏటీఎంలు పనిచెయ్యలేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడిమామిడి తోటలు నేలకొరిగాయి. తర్వాత నష్టం రాసుకోవడానికి అధికారులు వచ్చారు. సర్వే నంబరు ఎంత? పాసుపుస్తకం ఏది? చెట్లు ఎన్ని? బ్యాంకు ఖాతా నంబరు చెప్పండి. ఆధార్ కార్డు చూపించండి.

ఈ ప్రశ్నలకి జవాబు లేని ఇల్లు లేదు. కానీ ఆ జవాబు ఎక్కడుంది? కొంత ట్రంకుపెట్టెలో తడిసిన కాగితాల మీద ఉంది. కొంత ఇంటర్నెట్లో ఎక్కడో ఉంది, ఇక్కడ సిగ్నల్ లేదు. కొంత కొడుకు ఫోన్లో ఉంది, ఆ కొడుకు హైదరాబాదులోనో చెన్నైలోనో ఉన్నాడు. ఇంట్లో పెద్దావిడని అడిగితే "ఏడెట్టీనో గేపకం నేదు బాబూ" అంటుంది. ఆవిడ తప్పేముంది? అన్ని కాగితాలు ఒక మనిషి గుర్తుపెట్టుకునేవి కావు.

ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఇదే. ఒక కుటుంబానికి సంబంధించిన లెక్కలు, నంబర్లు, ఆరోగ్యం వివరాలు, భూమి వివరాలు ఆ ఇంట్లోని కంప్యూటర్లోనే, నెట్ లేకుండా నడిచే ఒక చిన్న ప్రోగ్రాములో ఉండాలి. కుదిరితే ఆ ప్రోగ్రాము ఆ ఇంటి పిల్లో, పిల్లవాడో రాసింది కావాలి. ఇది పెద్ద ఇంజనీర్ల పని కాదు. డిగ్రీలో కంప్యూటర్లు చదువుతున్న ఎవరైనా చెయ్యగల పని.

రాసిపెట్టుకోవడం మనకి కొత్తా? కరణాల కాలంలో ఊరి భూముల లెక్క కవిలెకట్టల్లో ఉండేది. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. అప్పటిదాకా ఏ చెక్క ఎవరిదో తెలియాలంటే కరణంగారి గుమ్మం ఎక్కవలసిందే. ఆ దస్త్రం ఆయన ఇంట్లో ఉండేది. మన భూమి సంగతి మనకి తెలియాలంటే ఇంకొకరి దయ మీద ఆధారపడటం ఎలా ఉంటుందో మన తాతలకి బాగా తెలుసు. వ్యాపారం చేసేవాళ్లు మాత్రం తమ లెక్క తామే రాసుకునేవారు. రోజువారీ జమా ఖర్చులు చిట్టాలో, పేరుపేరునా తేల్చిన లెక్క ఆవర్జాలో. నిజానికి ఈ వేళ కంప్యూటర్లో డేటాబేసు అని మనం అనేది ఆ చిట్టా, ఆవర్జాల పద్ధతే. చిట్టాలో ఒక్కసారి రాయండి చాలు, ఆవర్జా కంప్యూటరు కట్టి ఇస్తుంది. ఈ నెల మందులకి ఎంతయింది, ఎరువులకి ఎంతయింది, మేనమామకి ఇచ్చిన అప్పులో ఎంత తీరింది, అన్నీ ఆ ఒక్క చిట్టాలోంచే వస్తాయి.

శ్రీకాకుళంలోనే ఇంకో గొప్ప ఉదాహరణ ఉంది. కాళీపట్నం రామారావుగారు, మన కారా మాస్టారు. మురపాకలో 1924లో పుట్టారు. విశాఖలో బడిపంతులుగా పనిచేసి, సాహిత్య అకాడమీ అవార్డు సొమ్ముతో, తన పుస్తకాలతో 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం అనే గ్రంథాలయం పెట్టారు. తెలుగులో వచ్చిన ప్రతి కథా ఒకచోట చేరాలన్నది ఆయన సంకల్పం. అంత పని కేవలం పుస్తకాలు పోగేస్తే అవుతుందా? కథ పేరు, రచయిత, కలం పేరు, ఏ పత్రికలో వచ్చింది, ఏ నెల, ఏ సంవత్సరం, ఇవన్నీ జాబితా కట్టాలి. ఒకే రచయిత మూడు పేర్లతో రాస్తాడు. ఒకే పేరుతో ఇద్దరు రచయితలు ఉంటారు. ఒకే కథ రెండు సంపుటాల్లో వస్తుంది. ఈ చిక్కులన్నీ విడదీసుకుంటూ జాబితా కట్టడమే అసలు డేటాబేసు పని. తర్వాత ఆ జాబితా కంప్యూటరెక్కింది, ఇంటర్నెట్లోకీ వెళ్లింది, మంచిదే. కానీ ముందు అది ఒక మనిషి పట్టుదలతో, ఒక చిన్న ఊళ్లో, తనకి కావలసిన అరలు తానే నిర్ణయించుకుని కట్టుకున్న జాబితా. ఏ అరలు ఉండాలో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఇంటి ప్రోగ్రాము సంగతీ అంతే. మార్కెట్లో దొరికేవాటిలో తయారుచేసినవాళ్ల అరలు ఉంటాయి, మన అరలు ఉండవు.

ఉద్దానం సంగతి తీసుకోండి. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఇళ్లని పీడిస్తోంది. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి మొదలయ్యాయి. రోగి ఇంట్లో ఉండేది మాత్రం ఒక ప్లాస్టిక్ సంచి. అందులో పలాస ల్యాబు రిపోర్టు, శ్రీకాకుళం రిపోర్టు, విశాఖ కేజీహెచ్ చీటీ, మందుల బిల్లులు అన్నీ కలగాపులగంగా ఉంటాయి. మందుల దుకాణం బిల్లు చాలా చోట్ల వేడికి అచ్చయ్యే కాగితం మీద వస్తుంది. కొన్నాళ్లకి అక్షరాలు చెరిగిపోయి తెల్లకాగితం మిగులుతుంది.

డాక్టరుగారికి కావలసింది కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఈరోజు ఎంత అన్నది ఒక్కటే కాదు. ఆరు నెలల కిందట ఎంత, ఏడాది కిందట ఎంత, ఏ మాత్ర మొదలుపెట్టాక ఎలా మారింది అన్నది కావాలి. 1.4 ఉన్నది ఏడాదిలో 1.6 అయితే ఒక సంగతి, రెండు నెలల్లో 2.6 అయితే ఇంకో సంగతి. ఆ తేడా సంచిలో వెతికితే కనపడదు. అదే ఒక చిన్న ప్రోగ్రాములో తేదీ, ల్యాబు, క్రియాటినిన్, యూరియా, పొటాషియం, హిమోగ్లోబిన్, బరువు అని అరలు పెట్టండి. బీపీకి పైది ఒక అర, కిందిది ఒక అర. మొదలుపెట్టిన మాత్ర, ఆపిన మాత్ర. నొప్పుల మాత్ర వేసుకుంటే అదీ రాయాలి, ఎందుకంటే వాటిలో చాలావాటికి కిడ్నీతో పేచీ ఉంది. రిపోర్టు వచ్చిన ప్రతిసారీ ఇవి ఎక్కిస్తే ప్రోగ్రాము ఒక గీత గీసి చూపిస్తుంది. ఆ గీతని ఒక్క కాగితం మీద అచ్చు వేసి డాక్టరు ముందు పెడితే, ఆయన మనకి ఇచ్చే ఆ కాస్త సమయం కాగితాలు తిరగెయ్యడానికి కాకుండా మన మనిషిని చూడటానికి పనికొస్తుంది.

దీనికి ఫోన్లో యాప్‌లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. కానీ వాటిలో చాలావాటికి మనం రాసింది మన దగ్గర ఉండదు, ఎక్కడో ఉన్న కంపెనీ కంప్యూటరుకి వెళుతుంది. ఉద్దానంలో ఈ జబ్బు మాట పెళ్లి సంబంధాల దగ్గర కూడా వస్తుంది. ఒక ఇంటి క్రియాటినిన్ ఎవరికి తెలియాలో నిర్ణయించుకోవలసింది ఆ ఇంటివాళ్లే. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న చెప్పింది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణకి పార్లమెంటు చట్టం చేసింది. మన ఇంటి అవసరానికి మనం రాసుకునే వివరాలు ఆ చట్టం పరిధిలోకే రావు. మన సంగతులు బయటవాళ్ల చేతికి వెళ్లాకే చట్టంతో పని పడుతుంది. వెళ్లకుండా చూసుకోవడం అన్నిటికన్నా మంచి రక్షణ.

ఇంకొక భయం కూడా ఉంది. ఆన్‌లైన్ సేవలు మూతపడతాయి. ఒకప్పుడు మన కుర్రకారంతా ఆర్కుట్ అనే సోషల్ నెట్‌వర్కులో ఉండేవారు. 2014 సెప్టెంబరు 30న అది మూసేశారు. ఇల్లు వదిలి చదువుకోడానికి వెళ్లిన పిల్లల ఫొటోలు, కబుర్లు, సకాలంలో దించుకోనివాళ్లకి పోయాయి.

ఇక ఇలాంటి ప్రోగ్రాములు పుట్టిన తీరు చూస్తే ధైర్యం వస్తుంది. 1970ల చివర అమెరికాలో వేన్ రాట్‌లిఫ్ అనే ఇంజనీరు అంతరిక్ష పరిశోధన చేసే జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీలో పనిచేసేవాడు. ఆఫీసులో ఫుట్‌బాల్ మ్యాచ్‌ల మీద పందేలు కాసేవారు. ఆ లెక్కలు చూసుకోవడానికి సొంతంగా ఒక ప్రోగ్రాము రాసుకున్నాడు. దానికి వల్కన్ అని పేరు పెట్టాడు. అదే తర్వాత డీబేస్ అయి ప్రపంచమంతా పాకింది. దాని దారిలోనే ఫాక్స్‌ప్రో వచ్చింది. 1990ల్లో మన జిల్లాల్లో కంప్యూటరు సెంటర్లో చేరినవాళ్లు నేర్చుకున్నవాటిలో ఇవీ ఉండేవి. రైసుమిల్లు లెక్కలు, చిట్టీల లెక్కలు, నగల దుకాణం బిల్లులు చాలాకాలం ఫాక్స్‌ప్రోలో నడిచాయి. రాసినవాళ్లు చాలామంది ఊళ్లో కుర్రాళ్లే.

ఫాక్స్‌ప్రోని మైక్రోసాఫ్ట్ 1992లో కొనుక్కుంది. ఇక కొత్తది తేబోమని 2007లో చెప్పింది. 2015తో మద్దతు పూర్తిగా ఆపేసింది. అయినా ఆ కాలం నాటి డీబీఎఫ్ ఫైలు మీ పాత కంప్యూటర్లో ఉంటే, ఉచితంగా దొరికే లిబ్రేఆఫీసులో ఈ రోజుకీ తెరుచుకుంటుంది. ప్రోగ్రాము పోయినా లెక్క పోలేదు. కారణం, ఆ ఫైలు అమరిక అందరికీ తెలిసినది. ప్రోగ్రాము రాసుకునేవాళ్లు ఈ సంగతి గట్టిగా పట్టుకోవాలి. రేపు మన ప్రోగ్రాము పనిచెయ్యకపోయినా లోపలి సరుకు ఇంకోదానితో తెరుచుకునేలా ఉండాలి.

ఇప్పుడు అందుకు అన్నిటికన్నా మంచిది ఎస్‌క్యూలైట్ అనే డేటాబేసు. దీని కథ వినదగ్గది. రిచర్డ్ హిప్ అనే ఆయన అమెరికా నౌకాదళం యుద్ధనౌక కోసం ఒక ప్రోగ్రాము మీద పనిచేస్తుండేవాడు. సమాచారం వేరే సర్వరులో ఉండేది. సర్వరు నిలిచిపోతే వీళ్ల ప్రోగ్రామూ నిలిచిపోయేది, మాట వీళ్లు పడేవారు. సర్వరుతో పనిలేకుండా డిస్కు మీది ఫైలునే నేరుగా చదివితే పోదా అని 2000 సంవత్సరంలో ఎస్‌క్యూలైట్ రాశాడు. సమాచారమంతా ఒకే ఒక్క ఫైలు. ఎవరైనా వాడుకోవచ్చు, రుసుము లేదు, అనుమతి అక్కర్లేదు. మీ జేబులోని ఫోన్లో కూడా అది ఉంది. దాచిపెట్టడానికి తగిన ఫైలు అమరికల్లో ఒకటిగా అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని చెప్పింది. 2050 దాకా దాన్ని చూసుకుంటామని రాసినవాళ్లే అంటున్నారు. కనెక్షన్ తెగినా పని ఆగకూడదన్న ఆలోచన ఓడకి ఎంత అవసరమో, తుపాను తీరంలో ఉన్న ఇంటికీ అంతే అవసరం.

ఎక్సెల్ చాలదా అని అడుగుతారు. నెల ఖర్చులకి చాలు. కానీ మన వివరాలకి అందులో కొన్ని ప్రమాదాలున్నాయి. సర్వే నంబరు 12-3 అని కొట్టండి, అది తేదీ అనుకుని మార్చేస్తుంది. పదహారు అంకెల నంబరు కొట్టండి, పదిహేను అంకెలే ఉంచుకుని చివరిదాన్ని సున్నా చేస్తుంది. ముందున్న సున్నా తీసేస్తుంది. ఆ గడిని ముందే అక్షరాలకని చెప్పి ఉంచితే ఇవి రావు, కానీ ఇంట్లో అందరికీ ఆ కిటుకు తెలియదు. తప్పు పడిందని కూడా తెలియదు, బ్యాంకులో డబ్బు పడనప్పుడు తెలుస్తుంది.

మనమే రాసుకుంటే ఇవన్నీ ముందే కట్టుదిట్టం చేసుకోవచ్చు. భూమి విస్తీర్ణం చూడండి. ఎకరాకి వంద సెంట్లు. రెండెకరాల ఐదు సెంట్లని ఒకరు 2.5 అని రాస్తారు. ఇంకొకరికి 2.5 అంటే రెండున్నర ఎకరాలు. మధ్యలో నలభై ఐదు సెంట్ల తేడా, దాని మీద అన్నదమ్ముల తగాదా. ప్రోగ్రాములో ఎకరాలకి ఒక గడి, సెంట్లకి ఒక గడి విడివిడిగా పెట్టండి. లోపల మాత్రం మొత్తం సెంట్లలో దాచండి, 205 అని. అప్పుడు తగాదాకి చోటుండదు. తేదీ కూడా అంతే. ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు వచ్చేలా దాస్తే వరస తప్పదు. చూపించేటప్పుడు మనకి అలవాటైనట్టు రోజు ముందు పెట్టి చూపించవచ్చు.

పేర్ల సంగతి మన జిల్లాల్లో మరీ చిక్కు. ఒక ఊళ్లో ఎంతమంది అప్పలనాయుళ్లు, ఎంతమంది సింహాచలాలు! అందుకని ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు వేర్వేరు గళ్లలో ఉండాలి. ఒకే మనిషి పేరు అప్పలనర్సమ్మ అని ఆధార్‌లో, అప్పలనరసమ్మ అని పాసుపుస్తకంలో, మధ్యలో ఖాళీతో బ్యాంకులో ఉంటుంది. ఏ కాగితంలో ఎలా ఉందో అలాగే మూడూ రాసుకోవాలి. పని ఆగేది ఆ ఒక్క అక్షరం దగ్గరే. తెలుగులో కొట్టేటప్పుడు యూనికోడ్‌లోనే కొట్టండి. డీటీపీ సెంటర్లలో వాడే పాత ఫాంట్లలో కొడితే అచ్చు బాగుంటుంది, కానీ వేరే కంప్యూటర్లో అర్థంకాని గుర్తులు కనపడతాయి, వెతికినా దొరకదు.

ప్రోగ్రాము దేనితో రాయాలంటారా? పైతాన్ అనే ప్రోగ్రామింగు భాష ఉచితం. ఒక్కసారి తెచ్చుకుని ఎక్కించుకుంటే తర్వాత నెట్ అక్కర్లేదు. కిటికీలు, గళ్లు, బటన్లు గీసే టికింటర్, ఎస్‌క్యూలైట్‌తో మాట్లాడే భాగం, రెండూ విండోస్ పైతాన్‌తోపాటే వస్తాయి. పాత కంప్యూటరు చాలు. ముందు కంప్యూటరు తెరవొద్దు. ఒక కాగితం తీసుకుని, ఈ ప్రోగ్రాముని నేను ఏమేమి అడుగుతాను అని ప్రశ్నలు రాయండి. "వచ్చే నెలలో గడువు తీరే బీమా ఏది?" "మోటారు రిపేరు కిందటిసారి ఎవరు చేశారు, ఎంత తీసుకున్నారు?" ప్రశ్నలు తేలితే అరలు అవే తేలతాయి. తెర మీద మూడు బటన్లు చాలు: చేర్చు, వెతుకు, అచ్చు వెయ్యి.

దాచుకోవడం గురించి మాత్రం కఠినంగా చెప్పాలి. ఇంట్లోనే ఉన్నది ఇంటితోపాటే పోవచ్చు. హార్డ్ డిస్కు చెప్పి పాడవదు. నెలకోసారి ఆ ఫైలుని రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించండి. ఒకటి మీ దగ్గర, ఇంకోటి తీరానికి దూరంగా, బొబ్బిలిలోనో సాలూరులోనో ఉన్న చుట్టాలింట్లో. పెన్‌డ్రైవు ఎవరి చేతిలోనైనా పడొచ్చు కాబట్టి తాళం వెయ్యాలి, అందుకు వెరాక్రిప్ట్ లాంటి ఉచిత సాధనాలున్నాయి. ఆ తాళం మాట ఇంట్లో కనీసం ఇద్దరికి తెలియాలి. మరిచిపోతే తెరిచేవాళ్లు లేరు, దానికి సర్వీసు సెంటరు ఉండదు. ఇంటి యజమాని పోయాక, ఏ బ్యాంకులో ఏముందో తెలియక భార్య తిరిగే తిరుగుడు మనందరం చూసినదే. అందుకని ఏడాదికోసారి ముఖ్యమైనవి కాగితం మీదా అచ్చు వేసి బీరువాలో పెట్టండి.

ఆన్‌లైన్ వద్దని నేను అనడం లేదు. మీభూమి సైటులో మీ భూమి 1-బి పత్రం చూసుకోండి, డిజిలాకర్‌లో సర్టిఫికెట్లు తీసుకోండి. అవి ప్రభుత్వం రాసుకున్న మన వివరాలు. దించుకున్న ప్రతి కాగితం ఒక కాపీ మీ కంప్యూటర్లోనూ ఉంచండి. రేపు అక్కడ పొరపాటున ఒక సర్వే నంబరు మారితే, నిన్న ఏముందో చూపించడానికి ఆ కాపీయే ఆధారం.

చివరగా, ఈ ప్రసంగం వింటున్న విద్యార్థులకి ఒక మాట. ఎచ్చెర్లలో, టెక్కలిలో, విజయనగరంలో, ఇంకా ఎన్నో ఊళ్లలో మీరు కంప్యూటర్లు చదువుతున్నారు. ఆఖరి ఏడాది ప్రాజెక్టు అనగానే లైబ్రరీ మేనేజ్‌మెంట్, హాస్పిటల్ మేనేజ్‌మెంట్ అని ఎవరో చేసినదాన్నే తెచ్చి పెడుతున్నారు. ఎవరూ వాడరని తెలిసీ చేసే పనిలో నేర్చుకునేది తక్కువ. ఈసారి మీ అమ్మమ్మ దగ్గరికి వెళ్లి కూర్చోండి. ఆవిడ సంచిలో కాగితాలన్నీ తేదీల వారీగా పేర్చండి. డాక్టరు ఏమడుగుతారు, ఆవిడకి ఏది చదవడం కష్టంగా ఉంది, అక్షరం ఎంత పెద్దదిగా ఉండాలి, అడిగి రాసుకోండి. తర్వాత ప్రోగ్రాము రాయండి. తెర మీద మాటలన్నీ తెలుగులో ఉండనివ్వండి. తదుపరి చెకప్ తేదీ అన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాల్లో కనపడనివ్వండి. మీ మాస్టార్లు ఒప్పుకోకపోతే ప్రాజెక్టు ఇంకోటి చెయ్యండి, ఇది మాత్రం ఇంటికోసం చెయ్యండి. ఆవిడ వాడటం మొదలుపెట్టాక ఏ గడి అనవసరమో, ఏ గడి మరిచిపోయారో ఆవిడే చెబుతుంది. ఆవిడ చెప్పినట్టు మార్చండి.